బ్యాక్టీరియాకు ఘన సన్మానం

కూరగాయ మొక్కల వేళ్లను అంటిపెట్టుకుని, జీతం భత్యం అడగకుండా వాటిని ఏపుగా పెంచుతున్న నేలలోని బ్యాక్టీరియాను సత్కరించాలని వ్యవసాయ శాఖ నిర్ణయించింది. ఆలస్యమైనా మంచి నిర్ణయమే.

సభకు అందరికన్నా ముందు వచ్చింది వంకాయలక్క. వంకాయలు పండించి అమ్ముకునే మనిషి కనుక ఊరు పెట్టిన పేరు అది. ఈసారి ఆమె నారు ఎదుగూ బొదుగూ లేకుండా పడి ఉంది. అది పోతే ఏడాది తిండి పోయినట్టే. ప్రయోగశాలలో బ్యాక్టీరియా పెంచిన మట్టి ఒక్క జాడీయే మిగిలిందనీ, సభ కాగానే ఆమెకే ఇస్తాననీ వ్యవసాయ ఆఫీసరు మాట ఇచ్చాడు.

జాడీని వేదిక మీద నడిమి కుర్చీలో కూర్చోబెట్టారు. ముఖ్య అతిథిగారి వెంట వచ్చిన డాక్టరుకు అందులో ఉన్నది బ్యాక్టీరియా అని అప్పుడే తెలిసింది. వెంటనే జాడీ నిండా ఫినాయిలు పోయించి, నిబంధనల ప్రకారం శుద్ధి అయినట్టు చీటీ అంటించాడు. ఆ వాసనకు వంకాయలక్క వేదిక దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, అవి బతికే ఉన్నాయా?"

"నువ్వేం దిగులు పడకమ్మా. ఇక వాటి దగ్గరికి ఒక్క క్రిమి కూడా రాదు," అన్నాడు ఆఫీసరు.

"కంటికి కనబడకుండా సేవ చేసే వీరే మనకు ఆదర్శం!" అన్నారు ముఖ్య అతిథి. ఫొటోగ్రాఫరు ఇంకా రాలేదని తెలిసి, అతను వచ్చాక మళ్లీ మొదటినుంచి అన్నారు. జాడీకి దండ వేసి, రెండు మాటలు చెప్పమని ముందు మైకు పెట్టారు. జాడీ పలకలేదు. ఎంత వినయమో అని హాలంతా చప్పట్లు.

వంకాయలక్క ఆ మట్టిని కడిగి కడిగి, ఆశ చావక నారుకు వేసింది. నారు మాడిపోయింది. మడి పక్కన కూలబడి ఏడ్చి, ఆ కళ్లతోనే ఆఫీసుకు వెళ్లింది. విచారణ సంఘం వెంటనే కూర్చుని తేల్చింది: "సన్మానం జరిగాక పని మానేయడం అన్ని శాఖల్లోనూ ఉన్నదే. చర్య అనవసరం."

"అయితే సన్మానం చెయ్యనివి కాసిని ఇప్పించండయ్యా," అంది వంకాయలక్క.

ఇంత తెలివైన రైతును ఆఫీసరు ఎన్నడూ చూడలేదు. మర్నాడే ఆమెకు సన్మానం. మట్టి చేతులను ఫినాయిలుతో కడిగించి, అదే కుర్చీలో కూర్చోబెట్టి, అదే మైకు పెట్టారు. ఆమె ఖాళీ చేతులు చూసుకుంటూ ఉండిపోయింది. నోట మాట రాలేదు.

ఎంత వినయమో! మనమందరం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాం.