పరదా వెనక సంగీతం టీచరు

సీతారత్నం ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. అల్లవరంలో మొదటి బస్సెక్కాలి, కొత్తపేట స్కూల్లో ఒక కీర్తన పాడాలి, సంగీతం టీచరు ఉద్యోగం పర్మినెంటు చేయించుకోవాలి, ఇంటికొచ్చి పెరుగన్నం తినాలి. అదే స్కూల్లో ఏళ్ల తరబడి టెంపరరీగా పాఠాలు చెబుతోంది. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం.

అవి 2005 నాటి రోజులు. కంప్యూటర్ అబద్ధమాడదని అందరూ నమ్మేవారు, స్కూలు కరస్పాండెంటు నూకరాజు గారు మరీనూ. సిఫార్సులతో విసిగిపోయి, పాట వింటూనే స్వరాలు రాసిపెట్టే యంత్రాన్ని అమలాపురం కంప్యూటర్ సెంటరు ప్రసాద్ చేత పెట్టించారు. పక్షపాతం పనికిరాదని గది మధ్య పరదా కూడా కట్టించారు. వెనకున్నవాళ్లు పాడాలే గాని మాట్లాడకూడదు. వాళ్ల బదులు జవాబు చెప్పడానికి ప్యూను అబ్బుల్ని నిలబెట్టారు.

ముందు పాడిన ఇద్దరు ఆడవాళ్లనీ ఎవరూ ఏమీ అడగలేదు, యంత్రం అచ్చేసిన వాళ్ల కాగితాలు తెల్లగానే వచ్చాయి. తర్వాత సీతారత్నం వంతు.

"మొదలెట్టొచ్చాండీ?" అన్నాడు ప్రసాద్ ఇవతల నుంచి.

"ఆయ్!" అన్నాడు అబ్బులు, సరేనన్నట్టు.

ఆవిడ ప్రాణం పెట్టి పాడింది. కంప్యూటర్ తెర మీద ఆ పాటకి ఒక్క స్వరమూ పడలేదు.

"మైకు దగ్గరికి రమ్మనండి."

"ఆయ్!"

"కాస్త శ్రుతి దించమనండి."

"ఆయ్!"

దించింది. ఇంకా దించింది. మగవాళ్ల శ్రుతి దాకా దించేసరికి గొంతు పూడుకుపోయి దగ్గొచ్చింది. తెర మీద అప్పటికి మూడంటే మూడు 'స'లున్నాయి.

"తిరుగులేదండీ! స్వరం ఎక్కడా చలించలేదు. యంత్రం లెక్కన ఎవరో మగాయన," అని నూకరాజు గారు లేచి పరదా లాగారు. వెనకున్న మగాయన అబ్బులొక్కడే.

"నేను పాడలేదండి బాబూ! మూడుసార్లు ఆయ్ అన్నానంతేనండి!"

"వినయం చూసేరా! ఉద్యోగం వీడిదే," అన్నారు నూకరాజు గారు.

సీతారత్నానికి ఏడుపు తన్నుకొచ్చింది. "నా పాట మీ చెవులతో విన్నారు కదండీ!"

"విన్నానమ్మా. చాలా బాగుంది. కానీ నా చెవికి అభిమానాలుంటాయి. దానికుండవు."

ప్రసాద్ నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు. యంత్రానికి పాట నేర్పింది వాళ్ల వీధి భజన బృందమట. "అందరూ మగవాళ్లేనండి. పొద్దుపోయాక ఆడవాళ్లని సెంటరుకి రమ్మనలేం కదండీ. అందుకని ఆడవాళ్ల గొంతు దానికి పాటలా అనిపించదండి. ఫ్యాను చప్పుడనుకుంటుంది."

"నేనిన్నేళ్లు పాడింది ఫ్యాను చప్పుడాండీ?"

"దానికండి. మాకు కాదు."

నూకరాజు గారు బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు. "అన్యాయమేనమ్మా. కానీ యంత్రం మాటే ఆఖరని కమిటీకి మాటిచ్చేను. ఇప్పుడు మారిస్తే సిఫార్సంటారు."

"నాకు సరిగమలు రావండీ," అని అబ్బులు చేతులు జోడించాడు.

"సీతారత్నం టీచరుగారు నేర్పుతార్లే," అన్నారాయన. తర్వాత ఆవిడ వైపు తిరిగారు. "మిమ్మల్నీ వదిలెయ్యనమ్మా. వీడు టీచరయ్యాడు గనక వీడి జాగా ఖాళీ. పర్మినెంటేనండి. గంట కొట్టాలి, తలుపులు తియ్యాలి. గొంతు పరీక్ష కూడా లేదు. చేస్తారా?"

సీతారత్నం గోడకానుకుంది. చదువుకున్న సంగీతమంతా గుర్తొచ్చింది, ఆ తర్వాత వచ్చే ఏడు గుర్తొచ్చింది.

"ఆయ్," అంది.

ప్రసాద్ యంత్రాన్ని ఇంకా ఆపలేదు. తెర మీద ఏమీ పడలేదు.