ఎడ్నా చదివిన తొమ్మిది ఊళ్ళు

ఆ మంగళవారం పొద్దున ఎడ్నా ట్రాస్క్ పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిది ఊళ్ళ పేర్లు పన్నెండు సెకన్లలో చదవాలి.

కాలేజీ సంగీత విభాగం నేలమాళిగలో, చీపుళ్ళు పెట్టుకునే గది పక్కన పుట్టిన రేడియో ఆమె పనిచేసేది. మొదట్లో దాని గొంతు కాలేజీ ఆటస్థలం కూడా దాటేది కాదు. పదహారేళ్ళలో కొండకో ప్రసార స్తంభం చొప్పున పాతుకుంటూ అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉత్తరాన ఎనిమిది ఊళ్ళకు పాకింది. గంటకోసారి, స్తంభాలున్న ఊళ్ళ పేర్లన్నీ చదివి తీరాలని నియమం. ఊళ్ళు పెరిగాయి గాని సెకన్లు పెరగలేదు. గంట కొట్టగానే జాతీయ వార్తలు, ఎవరి మాటా పూర్తి కానివ్వకుండా, పెద్దింటి అల్లుడిలా వచ్చి కూర్చుంటాయి.

తొమ్మిదో ఊరు టాల్కట్. అక్కడ నీళ్ళ ట్యాంకు పక్కన నిన్ననే నిలబెట్టిన స్తంభాన్ని ఉంచాలా, పీకాలా అన్నది ఆ పూట పదింటికి ఊరి సభలో చేతులెత్తి తేలుస్తారు. స్తంభం పోతే లోయ మొత్తానికి రేడియో అందదు. లోయకు అందకపోతే ఎడ్నా ఉదయపు కార్యక్రమం ఎత్తేసి, నగరం నుంచి వచ్చేదాన్నే వినిపిస్తామని కాలేజీ డీను ఎంతో మర్యాదగా ఉత్తరం రాశాడు.

ఆరు కొట్టడానికి పన్నెండు సెకన్ల ముందు ఎడ్నా ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది. ఎనిమిది పేర్లు సాఫీగా గట్టెక్కాయి. "టా" అనేసరికి వార్తలు వచ్చేశాయి.

వెంటనే ఫోను మోగింది. టాల్కట్ నుంచి ఓర్ఫా డనింగ్. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. మంచు పడి బడి మూసిన రోజున ఊళ్ళో ఇంటింటికీ ఫోను చేసి చెప్పేది ఆమే. రేడియో వస్తే తన పెద్దరికం పోతుందని స్తంభం వద్దంటున్నదీ ఆమే.

"ఏమమ్మాయ్, ఎనిమిది ఊళ్ళకీ లేచిన నోరు మా ఊరి దగ్గరికొచ్చేసరికి పడిపోయిందా?"

"వార్తలు అడ్డొచ్చాయండీ..."

"మాకెప్పుడూ ఏదో ఒకటి అడ్డొస్తూనే ఉంటుందిలే. పదింటికి సభలో మాట్లాడతా."

స్టేషను మేనేజరు లైల్ ఫెంటన్ తెల్లబోయాడు. "ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. ఆరున్నరకి మళ్ళీ చదివెయ్. అప్పుడు వార్తలుండవుగా. తీరిగ్గా, గౌరవంగా చదువు."

ఎడ్నా అలాగే చదివింది. రెండంగుళాల మంచు పడవచ్చని వాతావరణం చెప్పి, వెంటనే తొమ్మిది పేర్లూ శుభలేఖ చదివినట్టు నిదానంగా చదివింది. టాల్కట్‌ను రెండుసార్లు చదివింది.

ఆ కొండల్లో, మార్చి నెలలో, పొద్దున్నే మంచు సంగతి చెప్పి వెంటనే ఊళ్ళ పేర్లు చదివితే దానికి ఒకటే అర్థం. ఆ ఊళ్ళలో బడి లేదు. ఎడ్నాకు తెలియక కాదు, పదహారేళ్ళుగా ఆ సెలవుల జాబితా చదివేది ఆమే. చదివేవాళ్ళకు తాము చదివింది వినబడదు, అంతే.

ఏడింటికల్లా తొమ్మిది ఊళ్ళలో పిల్లలు మళ్ళీ దుప్పట్లలో దూరారు. బస్సు డ్రైవర్లు సగం దారిలో బండ్లు వెనక్కి తిప్పారు. టీచర్లు పిల్లలకంటే ముందే దుప్పటి కప్పుకున్నారు. జాబితాలో లేని పదో ఊరి నుంచి ఒక తల్లి ఫోను చేసి, "మా ఊళ్ళో పడేది మంచు కాదా, పిండా?" అని నిలదీసింది. ఆ తరువాత బడుల సూపరింటెండెంటు.

"బడులు మూయమని ఎవరు చెప్పారమ్మా మీకు?"

"నేను మూయలేదండీ. స్తంభాలున్న ఊళ్ళు చదివానంతే."

"అయితే తెరిచే ఉన్నాయని చెప్పి చావండి!"

ఎడ్నా చెప్పింది. "ఈ ఊళ్ళలో బడులు మూయలేదు" అంటూ మొదలుపెట్టి తొమ్మిది పేర్లూ మళ్ళీ చదివింది. మొదటి ముక్క చాలా ఇళ్ళలో కాఫీ గింజల మర చప్పుడులో కలిసిపోయింది. పేర్లు మాత్రం అందరికీ వినబడ్డాయి. అప్పటిదాకా అనుమానంగా ఉన్నవాళ్ళకు కూడా అది తీరిపోయింది. పనిగట్టుకుని రెండోసారి చెబుతున్నారంటే నిజమే మరి.

ఎనిమిదింటికి, ఏ బడిలోనూ ఒక్క టీచరు లేకపోవడం చూసి, సూపరింటెండెంటు గారే బడులు మూసేశారు.

"పోనీలే, నువ్వు చెప్పింది నిజమైంది," అన్నాడు లైల్.

"ఇది ఓదార్పా?"

"కాదు. డీను ఇంట్లో కూడా బడికెళ్ళే పిల్లలున్నారు."

క్షమాపణ చెప్పుకుందామని ఎడ్నా తన కారులో టాల్కట్ వెళ్ళింది. అక్కడి సభకు మామూలుగా ఇరవై మంది వస్తారు, ఇరవై మందీ ఏదో ఒకటి వద్దనడానికే. ఆ రోజు పిల్లల్ని ఇంట్లో వదిలి పనికి పోలేక, వాళ్ళని వెంటబెట్టుకొచ్చిన తల్లులతో హాలు కిటకిటలాడుతోంది.

"తప్పు నాది. స్తంభానిది కాదు," అంది ఎడ్నా. ఆ గొంతు గుర్తుపట్టి పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దలెవరూ కొట్టలేదు.

ఓర్ఫా లేచి నిలబడింది. "మా బడి మూయించిందీ నువ్వేనా?"

"అవునండీ."

"పక్క ఊరు వెల్డన్ బడితో పాటా?"

"వెల్డన్‌తో పాటే."

ఓర్ఫా కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. "ముప్ఫై ఏళ్ళు ఫోను చేశానమ్మాయ్. సగం మంది ఎత్తేవాళ్ళు కాదు. ఎత్తినవాళ్ళు నిజమో కాదో వెల్డన్‌లో చుట్టాల్ని కనుక్కునేవాళ్ళు. నేను నిజం చెప్పినా అంతే. నువ్వు లేనిది చెప్తే ఊరంతా నమ్మేసింది." ఆమె చెయ్యెత్తింది. "ఉండనివ్వండి ఆ స్తంభాన్ని. నా వేళ్ళు నొప్పులు."

ఆ చెయ్యి చూసి మిగతా చేతులు లేచాయి.

ఎడ్నాకు గెలిచినట్టు అనిపించలేదు. పదహారేళ్ళుగా నేలమాళిగ గోడకు చదువుతున్నాననే అనుకుంది. గోడకవతల ఇంతమంది తన మాట మీద పిల్లల బూట్లు విప్పేస్తారని తెలిసుంటే, ప్రతి ముక్కా చదివే ముందు ఒక్క క్షణం ఆగేదేమో.

మర్నాడు మోకాటిలోతు మంచు పడి బడులు నిజంగానే మూసేశారు. ఎడ్నా ఆ సంగతి విడమరచి మూడుసార్లు చదివింది. రెండోసారి మోసపోకూడదని టాల్కట్ తల్లులు ఎనిమిదింటికల్లా పిల్లలందరినీ బడి గుమ్మంలో దింపేశారు.