నమూనా రైతు

ఆ రోజు పొద్దున లెక్కలమ్మ అనుకున్నది ఒక్కటే. నివేదిక తీసుకెళ్లి డైరెక్టరు బల్ల మీద పెట్టేయాలి, మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికెళ్లి కంటినిండా నిద్రపోవాలి. వ్యవసాయ విధానాల కార్యాలయంలో అందరూ ఆమెను లెక్కలమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. రెండేళ్లుగా ఆమె కంప్యూటర్లో ఒక పొలాన్ని పెంచుతోంది. ఎనిమిదెకరాలు, పక్కనే వాగు, సాగు చేయడానికి ఒక రైతు. అన్నీ అంకెలే. ఎరువు ధర పెంచితే ఆ అంకెల రైతు ఏం చేస్తాడు, వాగు గట్టున గడ్డి వదిలితే డబ్బిస్తామంటే ఒప్పుకుంటాడా, దానివల్ల వాగు ఎంత బాగుపడుతుంది అన్నది ముందే చూసుకుంటే, చట్టం చేశాక నాలిక్కరుచుకునే పని ఉండదు. చెప్పిన మాట వింటాడు, అలగడు, వేళకు అన్నం అడగడు. అలాంటి మొగుడు దొరికినా బాగుండేదని పక్క సీటు టైపిస్టు నిట్టూర్చేది.

వాగు సంగతి మాత్రం వేళాకోళం కాదు. పొలాల్లోని ఎరువు కొట్టుకొచ్చి ఏటా వేసవికి నీళ్లు పచ్చగా చిక్కబడుతున్నాయి. ఊరంతా తాగేది ఆ నీళ్లే. అందుకే వాగు వెంబడి పదడుగుల పట్టీని సాగు చేయకుండా వదిలేసిన రైతుకు పరిహారం ఇవ్వాలని లెక్కలమ్మ ప్రతిపాదించింది. గురువారం పథకాలు మంజూరు చేసే బోర్డు తేల్చేస్తుంది. అది గట్టెక్కాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

నివేదిక నిండా పట్టికలే. డైరెక్టరుకు అర్థమైన వాక్యం అందులో ఒక్కటే ఉంది: ‘నమూనా రైతు గట్టున ఎరువు వేయడం పూర్తిగా మానేశాడు.’ ఏమిస్తే మానేశాడో ముందు పేజీలో ఉంది కానీ ఆయన అంత వెనక్కి వెళ్లలేదు. నమూనా పాఠశాలలు, నమూనా గ్రామాలు ప్రారంభించిన మనిషి. ఆ వరసలోనే నమూనా రైతంటే నలుగురికీ ఆదర్శమైన మహానుభావుడనుకున్నారు. లెక్కలమ్మను పిలిపించేలోపే బోర్డు అధ్యక్షురాలికి ఫోన్ చేసి చెప్పేశారు కూడా.

"ఈయన ఎక్కడుంటాడమ్మా?" అని అడిగారు.

"కంప్యూటర్లో ఉంటాడండి" అంది లెక్కలమ్మ.

"చదువుకున్నవాడన్నమాట. ఇంకా మంచిది. రేపు పొద్దున్నే వెళ్దాం, మేడం కూడా వస్తున్నారు."

ఆమె బయటికొచ్చి సూపరింటెండెంటుకు మొరపెట్టుకుంది. ముప్పయ్యేళ్ల సర్వీసులో దేనికీ కంగారుపడని ఆ పెద్దమనిషి ఫైలు మీంచి తలెత్తకుండానే సలహా ఇచ్చాడు. "ఇప్పుడు రైతు లేడంటే పథకమూ ఉండదు. ఎవర్నో ఒకర్ని చూపించు."

ఎవరో ఒకరు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది తమ్ముడే. లెక్కలమ్మ తమ్ముడికి ఆ వాగు పక్కనే మూడెకరాలుంది. పరిహారం మీద అతనికి ముందునుంచీ ఆశ ఉంది, అడగ్గానే ఒప్పుకున్నాడు. పట్టీ ఉండాల్సిన చోట నడుమెత్తు మొక్కజొన్న ఉందని మాత్రం కాస్త నసిగాడు. అయినా సాయంత్రానికి దాన్ని కోసి పశువులకు వేసేశాడు. మరదలు ఎరువు బస్తాలను మంచం కిందికి తోసి పైనుంచి దుప్పటి వేలాడదీసింది. మూడెకరాలు ఎనిమిదెకరాలు కావాలి కనుక, పొలం చూపించేటప్పుడు చెయ్యి బారుగా చాపి ఒకసారి చుట్టూ తిరగమని లెక్కలమ్మ ఫోన్‌లో నేర్పింది.

"వాళ్లేమడిగినా అవునండి అను. ఎక్కువ మాట్లాడకు" అంది.

"గంగిరెద్దులా తలూపమంటావు. అంతేగా అక్కా?"

"అంతే. నీకు డబ్బులొచ్చే పథకమిది, పాడుచెయ్యకు."

మర్నాడు తమ్ముడు ఇస్త్రీ చొక్కాతో సిద్ధంగా నిలబడ్డాడు. చెయ్యి చాపి తిరిగినప్పుడు పక్క పొలం, అందులో కలుపు తీస్తున్న దాని సొంతదారు కూడా అతని కిందికి వచ్చేశారు. డైరెక్టరు ఆ సొంతదారును మెచ్చుకుని, యజమాని దగ్గర నమ్మకంగా పనిచేసుకోమని హితవు చెప్పారు. అతను నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఎరువు ధర రెండు శాతం పెరిగితే వాడకం ఒకటిన్నర శాతం తగ్గిస్తారట కదా అని అధ్యక్షురాలు నివేదిక చూస్తూ అడిగింది. అవునండి అన్నాడు తమ్ముడు. బజారులో ధర పడితే మర్నాటికే పంట మార్చేస్తారట. దానికీ అవునండి. లెక్కలమ్మకు ఊపిరాడింది. రెండేళ్ల కష్టం ఒడ్డుకు చేరినట్టే అనుకుంది.

అధ్యక్షురాలు మొక్కజొన్న మోళ్ల మధ్య నిలబడి చాలాసేపు వాగు వంక చూసింది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

"అయితే ఎవరూ పైసా ఇవ్వకపోయినా మీరు ఈ పట్టీ ఇలాగే వదిలేస్తారన్నమాట" అంది.

తమ్ముడు అనుమానంగా అక్క వంక చూశాడు. అక్క కళ్లజోడు జారిపోయేంత గట్టిగా తల అడ్డంగా ఊపుతోంది. తల ఊపమని గుర్తుచేస్తోందనుకున్నాడు.

"అవునండి" అన్నాడు.

ఇంతటి ఉదాత్తులకు డబ్బు ఇవ్వజూపడం అవమానించడమేనని అధ్యక్షురాలు దారి పొడవునా అంటూనే ఉంది. గురువారం చర్చించాల్సిన వాటిలోంచి పరిహారం సంగతి జీపులోనే కొట్టేయించింది. బదులుగా తమ్ముడికి ప్రశంసాపత్రం ఇవ్వాలని నిర్ణయమైంది.

సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అంతా బాగా జరిగిందిగా. డబ్బులెప్పుడొస్తాయి?"

లెక్కలమ్మ జరిగింది చెప్పింది. చెబుతుంటే ఏడుపొచ్చింది. వాగు పోయింది, వాడి పంటా పోయింది, రెంటినీ చేజేతులా పోగొట్టింది తానే.

"పోనీలే అక్కా. అదునుంది కదా, మళ్లీ మొక్కజొన్నే వేస్తాను. ఈసారి ఎరువు ఇంకాస్త ఎక్కువ పడాలి" అన్నాడు తమ్ముడు.

సోమవారం డైరెక్టరు ఆమెకు కొత్త పని ఒప్పజెప్పారు. జిల్లాలో రైతులందరూ ఆ నమూనా రైతులాగే ఉంటే ఎలా ఉంటుందో లెక్క కట్టాలట. లెక్కలమ్మ మారుమాట్లాడకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. పరిహారం తీసేసి ఆ నష్టాన్ని రైతుల నెత్తినే వేసింది. ఏమడిగినా అవునండి అనే రైతుల్ని జిల్లా అంతటా నింపి మీట నొక్కింది.

వాగు అద్దంలా మెరిసిపోతోందనీ, రెండో ఏడు గడిచేసరికి దాని పక్కన సేద్యం చేసేవాడు ఒక్కడూ మిగల్లేదనీ తేలింది.