బోర్డుకి కట్టిన గుమ్మడికాయ

ఆ ఉదయం కాసులమ్మ అనుకున్నది చాలా చిన్న పని. నూకాలమ్మ తల్లికి దండం పెట్టుకుని, ఇంటికొచ్చి, నోరు మూసుకుని కూర్చోవడం. ఆవేళ కొడుకు దేవీప్రసాద్ హోటల్‌కి విశాఖ నుంచి కంపెనీ ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు మరి.

హోటల్ కొడుకుదే, పేరు మాత్రం కంపెనీది. ‘పంచభోజ్’ అని ఎర్రటి లైట్ల అక్షరాల బోర్డు. గొలుగొండ నుంచి చుట్టాలెవరొచ్చినా కాళ్ళయినా కడుక్కోనివ్వకుండా ముందు ఆ బోర్డు చూపించేది కాసులమ్మ. అది పోయే దారులెన్నో కొడుకుని అడిగి మరీ చెప్పించుకుంది.

“కంపెనీ పంపింది తప్ప పై సరుకు వంటలో పడకూడదు. బోర్డుకి ఏదీ కట్టకూడదు. బయటోళ్ళు వంటింట్లోకి రాకూడదు. ఇవి తప్పితే కంపెనీయే అగ్రిమెంటు రద్దు చేసి బోర్డు పీకేత్తాది. మనంతట మనం వదిలేత్తే మాత్రం మూడేళ్ళు ఇంకో హోటల్ పెట్టకూడదు,” అన్నాడు దేవీప్రసాద్ తాపీగా.

‘పీకేత్తాది’ తర్వాత కాసులమ్మకి ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

గుడి దగ్గర ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. ఊరి కళ్ళన్నీ ఆ బోర్డు మీదే, దానికి దిష్టికాయైనా లేదు! బూడిద గుమ్మడికాయ కొని, తిన్నగా హోటల్‌కి పోయింది. కొడుకు ఆఫీసరు కోసం స్టేషన్‌కి వెళ్ళాడు. వంటమాస్టరు నానాజీ ఒక్కడే ఉన్నాడు.

“పెద్దమ్మగారూ, బోర్డుకేటీ కట్టొద్దని బాబుగారన్నారండి!”

“ఉంచీమన్నానేటి? దిష్టి లాగేదాకా ఉంచి, ఆఫీసరొచ్చీలోగా ఇప్పేద్దాం. ఎక్కు నిచ్చెన!”

నానాజీ హోటల్లో చేరకముందు చెరకు బళ్ళకి మోకులు బిగించేవాడు. అతను వేసిన ముడి ఫ్యాక్టరీ గేటు దాకా సడలేది కాదు. ఇప్పుడు బోర్డుకి వేసిందీ సడలలేదు. ఆఫీసరు వచ్చే వేళయిందని కాసులమ్మ కింద నుంచి కేకలు పెట్టగానే, అతను బలం కొద్దీ లాగాడు. కాయ ఊడింది. దానితోపాటు ‘పంచ’ కూడా ఊడింది. నిచ్చెన జారి నానాజీ చెయ్యి బెణికింది.

“ఓలమ్మో! ఇప్పుడు ఆఫీసరుకి టిఫినెవుడు సేత్తాడు?” అంది కాసులమ్మ.

ఇంకెవరు? తనే వంటింట్లో దూరింది. ఇడ్లీ మిషను ఎక్కడ నొక్కాలో తెలియదు. సాంబారు పొడి ప్యాకెట్ల మీద అంతా ఇంగ్లీషే. పిండి మాత్రం తెలిసిందే. మూకుడు పెట్టి దిబ్బరొట్టె వేసింది, ఎదురు కొట్టు నుంచి కొత్త బెల్లం తెప్పించి పాకం పట్టింది. ఆ వాసనకి పరవాడ మందుల ఫ్యాక్టరీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డవాళ్ళు లోపలికొచ్చేశారు. “ఇన్నాళ్ళూ ఇదెందుకెట్టలేదు?” అని దెబ్బలాట.

అంతలో కొడుకుతో ఆఫీసరు రామ్మోహనరావు దిగాడు. పైన మిగిలిన ‘భోజ్’ని, కింద పగిలిన కాయని చూశాడు. తిన్నగా లోపలికొచ్చి కూర్చుని రొట్టె తిన్నాడు. మరొకటి అడిగి తిన్నాడు. ఆయన మనసు కరిగిందని కాసులమ్మకి ధైర్యమొచ్చింది.

“బాబూ, మావోడి తప్పేటీ లేదు. కాయ నేనే కట్టించేను. వంటింట్లోకి నేనే దూరేను. బెల్లం నేనే తెప్పించేను.”

ఆయన అప్పటిదాకా పట్టుకున్న తప్పు కాయ ఒక్కటే; రొట్టె వంటమాస్టరు వేసిందనీ, బెల్లం కంపెనీదేననీ అనుకున్నాడు.

“రొట్టె అద్భుతం తల్లీ. కానీ మూడూ మీరే ఒప్పేసుకున్నారు, నేనేం చెయ్యను?” అంటూ మూతి తుడుచుకుని, అగ్రిమెంటు రద్దు చేసేశాడు.

కాసులమ్మ నెత్తి బాదుకుంది. “కొడుకు హోటల్ నా సేత్తో నేనే పీకించేసేను!”

దేవీప్రసాద్ మాత్రం నవ్వాడు. “వాళ్ళే పీకేత్తే మనకి ఆ మూడేళ్ళ షరతు లేదమ్మా! రేపే సొంత హోటల్ పెట్టుకోవచ్చు. ఆ ప్యాకెట్ల సాంబారు మనూరోళ్ళకి వడ్డించలేక ఏడాదై దారి ఎతుకుతున్నాను. నీ రొట్టె పెట్టాలనే నా కోరిక.”

“మరి నాకు సెప్పలేదేట్రా?”

“చెప్తే భయపడతావని.”

కొత్త బోర్డు మీద ‘కాసులమ్మ దిబ్బరొట్టెలు’ అని ఇంకా పెద్ద లైట్లు. దాని కింద నానాజీ ముడితో గుమ్మడికాయ. తన పేరు గొలుగొండ చుట్టాలకి పైటకొంగు సర్దుకుంటూ చూపించింది కాసులమ్మ. అందరూ నోళ్ళు తెరిచారు. ఆ రోజు నుంచే ఆమెకు మరో బెంగ పట్టుకుంది: ఏదైనా తేడా వస్తే, బోర్డు పీకేసి తమని గట్టెక్కించడానికి ఈసారి కంపెనీ కూడా లేదు.