వాకిట్లో వంకర తామర

మిల్లు కూత పెడితే వరంగల్ అంతా లేచేది, ఒక్క సారంగపాణి తప్ప. చౌరస్తాలో ఆయనది ఇత్తడి సామాన్ల దుకాణం. బిందె కొందామని పొద్దున్నే వచ్చిన ఆడవాళ్లు మూసిన తలుపులు చూసి పక్క దుకాణానికి పోయేవారు. బజారులో ఆయనకు ‘పడక సేటు’ అని పేరు పడింది.

భార్య చిలుకమ్మ ఆయనను లేపే కార్యక్రమం పెడితే పక్కింటి పసిపిల్లలు లేచి ఏడ్చేవారు. ఎదురింటి కిషన్ రావు లేచి, స్నానం చేసి, కచేరీకి బయలుదేరేవాడు. లేవవలసినవాడు మాత్రం దుప్పటి సర్దుకునేవాడు.

ఒకనాడు చిలుకమ్మ గొంతు పోయింది. గొంతుతోపాటు ఓపికా పోయింది. బట్టలు మూట కట్టుకుంది.

“ములుగు పోతున్న. మా అమ్మగారింట్ల ఎవల్నీ లేపే పని లేదు.”

“మల్ల ఎప్పుడొస్తవు?” అన్నాడు సారంగపాణి, దుప్పట్లోంచే.

“నీ అంతట నువ్వు లేచి, పొద్దు పొడవకముందే పేడనీళ్లతోని సాన్పి చల్లి ముగ్గేసిననాడు. మా గట్టయ్య మామ జూసి చెప్పాలె.”

గట్టయ్య ఆమె మేనమామ. ములుగు నుంచి రాత్రంతా ఎడ్లబండి తోలుకుంటూ చింతపండు బస్తాలతో తెల్లవారేసరికి ఈ వాకిటి ముందు నుంచే అంగడికి పోయేవాడు. ఏ పొద్దున వస్తాడో ఆయన ఎడ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

మొదట్లో సారంగపాణి హాయిగా పడుకున్నాడు. లేచి అన్నం వండితే అడుగున మాడింది, పైన పలుకైంది, నడుమ అంబలైంది. అదైనా మింగొచ్చు. మింగుడు పడనిది ఇల్లు. తిట్టేవాళ్లు లేని ఇంట్లో తన దగ్గు తనకే వినబడుతోంది. దండెం మీద ఆమె మరిచిపోయిన ఆకుపచ్చ రవిక ఉంది. తీసి పెట్టెలో పెడదామనుకుంటాడు. పెడితే దండెం కూడా బోసిపోతుందని ఊరుకుంటాడు.

లేవాలనే అనుకున్నాడు, పాపం. మంచం ఎత్తేసి కటిక నేల మీద పడుకున్నాడు. నేల చల్లగా ఉండి ఇంకా గాఢంగా పట్టింది. తలాపున కోడిపుంజును కట్టుకున్నాడు. అది చెవిలో గొంతు చించుకుంటే, చిలుకమ్మ వచ్చి అరుస్తోందని కలగని, నవ్వుకుంటూ పడుకున్నాడు.

ఇక లాభం లేదని పక్కింటి యాకమ్మను పట్టుకున్నాడు.

“అవ్వా, జర మా వాకిట్ల గూడ రోజూ ముగ్గెయ్యరాదు? ఇత్తడి చెంబిస్త.”

“నీ పెండ్లాం అడిగితే ఏమంటవ్ బిడ్డా?”

“నేనే ఏసిన అని చెప్త.”

యాకమ్మ చెంబుకు న్యాయం చేసింది. నడుమ తామర, చుట్టూ హంసలు, హంసల ముక్కున తీగలు. గట్టయ్య బండి ఆపి, చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

మళ్లీ వచ్చినప్పుడు తలుపు బాదాడు.

“అల్లుడా, నీ ముగ్గు సంగతి చిలుకకు జెప్పిన.”

“ఏమన్నది మామా? వస్తున్నదా?”

“తామర రేకులెట్లున్నయని అడిగింది. అచ్చు గుద్దినట్టున్నయన్న. హంసలు గూడ ఉన్నయన్న. అట్లయితే ఆ తామరేసిన చెయ్యే వంట గూడ జేసిపెడ్తది, ఇగ నాతోని ఏం పని అన్నది.”

సారంగపాణి గడప మీద కూలబడ్డాడు. “అయ్యో, అది యాకమ్మ అవ్వ, మామా. ఆమెకు పండ్లు గూడ లెవ్వు.”

“నన్ను ముగ్గు జూడమన్నది. పండ్లు జూడమనలే.”

పోతూ పోతూ ఒక మాట అన్నాడు. “నువ్వే ఏయి అల్లుడా. నీ వంకరలు దానికి ఎర్కే.”

ఆనాటి నుంచి సారంగపాణికి నిద్ర పలచబడింది. చీకట్లో ఏ బండి గంటలు వినబడ్డా, అందులో ఆమె ఉందేమోనని వాకిట్లోకి ఉరికేవాడు. ఉండేది కాదు. బండి చప్పుడు వీధి మలుపు దాటేదాకా నిలబడేవాడు. లేవనే లేచాం కదా అని పేడనీళ్లు చల్లేవాడు. చల్లనే చల్లాం కదా అని ముగ్గు పిండి పట్టుకునేవాడు.

“ఏంది పాణీ, ఎండ్రకాయనా?” అని అడిగాడు కిషన్ రావు.

“తామర.”

“ఎవలన్న తొక్కిండ్రా?”

సిగ్గుపడుతూనే వేశాడు. గట్టయ్య రెండుసార్లు బండి ఆపి ఆ వంకరలు చూసి పోయాడు. దుకాణం కూడా పొద్దున్నే తెరుచుకోవడం మొదలైంది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, వేయగా వేయగా చేయి తిరిగింది. ఒక తెల్లవారుజామున ముగ్గు ముగించి, లేచి నిలబడి చూసుకుంటే తామర పొందికగా కుదిరింది, రేకుకు రేకు జత. మురిసిపోతుండగానే గట్టయ్య ఎడ్ల గంటలు వినబడ్డాయి.

సారంగపాణికి చెమట పట్టింది. ఇంత చక్కటి ముగ్గని తెలిస్తే చిలుకమ్మ మళ్లీ ఎవరి చెయ్యో అనుకోదూ? గబగబా కాలి బొటనవేలితో ఒక రేకు చెరిపాడు. ఇంకోదాన్ని తోక చేశాడు. మూడోదాని మీదికి కాలు ఎత్తేసరికి బండి వచ్చి ఆగింది.

“మంచిగున్నదాన్ని ఎందుకు చెడగొడుతున్నవయ్యా?”

చింతపండు బస్తాల నడుమ నుంచి ఆ గొంతు విని సారంగపాణి కొంగలా ఒంటికాలి మీదే ఉండిపోయాడు.

“మంచిగుంటే నువ్వు నమ్మవు గద, చిలుకా.”

“నిజంగ నువ్వే ఏసినవా?”

“నేనే.”

“దొంగపని దొంగతనంగ జేసెటోళ్లను జూసిన. మంచిపనిని గూడ దొంగతనంగ జేసెటోన్ని నిన్నే జూస్తున్న.”

చిలుకమ్మ బండి దిగింది. వంగి ముగ్గును అటూ ఇటూ చూసింది. చెరిగిన రేకును వేలితో సరిచేయబోయి, ఆగి, పిండి గిన్నె ఆయన చేతిలోనే పెట్టింది.

“నాకన్న నీ చెయ్యే సాఫుగున్నది. ఇగ వాకిలి పని నీదే.”

“ఎన్ని పొద్దులు?”

“అదేం మాట? అలవాటైనంక ఇడిసిపెడ్తరా?”

గట్టయ్య మీసం చాటున నవ్వుకుంటూ ఎడ్లను అదిలించాడు.

ఆమె లోపలికి పోయి చాప పరుచుకుంది. “రాత్రంత బండ్ల కన్ను మూయలే. నీళ్లు కాగినంక లేపు.”

తలవంచుకుని సారంగపాణి పొయ్యి అంటించాడు. రవిక సంగతి, కోడి సంగతి, మాడిన అన్నం సంగతి, ఇన్నాళ్లూ దాచిపెట్టిన మాటలన్నీ నాలుక చివర నిలబడ్డాయి. నీళ్లు కాగాయి. చాప పక్కన కూర్చుని “చిలుకా” అని మెల్లగా పిలిచాడు. కదల్లేదు. గట్టిగా పిలవడం ఆయనకు అలవాటు లేదు. ఎంత చూసినా తనివి తీరక, నీళ్లు చల్లారకుండా పొయ్యిలో ఇంకో కట్టె పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.