జెయింట్ వీలు మీద ధనుంజయరావు

ధనుంజయరావుకి సెంటు పొలం లేదు గానీ, కోతలకు మాత్రం ఏ కాలంలోనూ కొదవ లేదు. నరసరావుపేటలో పత్తి మిల్లు గుమాస్తా. పెళ్లయిన కొత్తలో భార్య సుబ్బరత్నం ముందు గొప్ప కోసం ఒక మాట అనేశాడు. హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్లో జెయింట్ వీలు ఎక్కాననీ, అదీ రెండు చేతులూ వదిలేసి ఎక్కాననీ.

నిజానికి ఆయన అటక మీది ఆవకాయ జాడీ కోసం స్టూలు ఎక్కినా ఒకరు కాళ్లు పట్టుకోవాలి. అదేమంటే "స్టూలు వంకర" అంటాడు.

పాపం, ఆ జెయింట్ వీలు తనని వెతుక్కుంటూ పేటకే వస్తుందని కలగన్నాడా? ఎనభై నాలుగు వేసవిలో రానే వచ్చింది. ఊరి చివర మైదానంలో ఒక పక్క జెయింట్ వీలు, రంగులరాట్నం, మరణబావి. వాటిని ఆనుకునే టికెట్ లేకుండా తిరిగే బజారు వీధి. గాజుల కొట్లు, ప్లాస్టిక్ సామాన్లు, బజ్జీల బండ్లు, ఎటు చూసినా ట్యూబులైట్లు. పొద్దుగూకితే పేటలో సగం ఆ వీధిలోనే ఉంటోంది.

"ఏమండీ, మీరు చేతులొదిలేసి తిరిగేది ఇయ్యాల నేను కళ్లారా చూడాల" అంది సుబ్బరత్నం జడలో మల్లెపూలు తురుముకుంటూ.

"అదెంత పనే!" అన్నాడు ధనుంజయరావు. అన్నాక మంచినీళ్లు తాగాడు.

కానీ ఆయన అంత తేలిగ్గా దొరికే రకం కాదు. వీలు తొమ్మిదింటికి ఆపేస్తారని పొద్దున్నే వాకబు చేసుకొచ్చాడు. అప్పటిదాకా ఆవిణ్ణి బజారు వీధిలో తిప్పితే పరువు దక్కినట్టే. పదేళ్ల కాపురం నీళ్లపాలు కాకూడదంటే ఇదొక్కటే దారి అని తీర్మానించుకున్నాడు.

ఎప్పుడూ గాజుల కొట్టు కనిపిస్తే భార్యని రెక్క పట్టుకుని లాక్కుపోయే మనిషి, ఆ రోజు కొట్టు ముందు స్టూలు వేయించాడు.

"నిదానంగా చూడు రత్నం. తొందరేముంది?"

సుబ్బరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నా."

"అయితే వీలెక్కండి."

"ఆగవే, ఆకలేస్తంది!" అని బజ్జీల బండి దగ్గరికి పరిగెత్తాడు.

అదీ వరస. ఆవిడ వీలు వంక చూస్తే మిరపకాయ బజ్జీలు. మళ్లీ చూస్తే పునుగులు. ఇంకోసారి చూస్తే తలుపంత ఢిల్లీ అప్పడం. సుబ్బరత్నం ఒక్కటి కొరికి ప్లేటు ఆయనకే ఇచ్చేది. ఆలస్యం చెయ్యడం కోసం ఆయన రెండో ప్లేటూ తినేవాడు. పైన గోలీ సోడా.

సుభానీ పేము సామాన్ల కొట్టు ముందు సుబ్బరత్నం కాళ్లు వాటంతటవే ఆగాయి. కొక్కేనికి వేలాడుతూ ఊయల కుర్చీ ఉంది. గంపలా గుండ్రంగా, లోపల ఎర్ర దిండుతో.

"మన వసారా దూలానికి కడితే ఎంత బాగుంటదో!"

"వసారాలో నా పడక్కుర్చీకే చోటు లేదు. ఎంతసేపైనా చూడు. కొనేది మాత్రం లేదు."

ఆవిడ ముఖం చిన్నబోయింది. కుర్చీని ఒకసారి నిమిరి వదిలేసింది. ధనుంజయరావు గడియారం చూసుకున్నాడు. తొమ్మిదికి పావుగంట తక్కువ. గెలిచేశాననుకుని ఇంకో బజ్జీ నోట్లో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే వీలు తిప్పే ఏసయ్య బజారులోకి పరిగెత్తుకొచ్చాడు. దాచేపల్లి సిమెంటు లారీల డ్రైవర్లు నలుగురు, నలుగురూ నాలుగు బస్తాలే, ఒకే పక్క తొట్లలో కూర్చున్నారట. విడివిడిగా కూర్చోమంటే స్నేహితులం అంటున్నారట. ఎదురు బరువు లేక ఇంజను మొరాయిస్తోంది. ఏసయ్య వీధంతా కలయజూశాడు. చూపు తిన్నగా ధనుంజయరావు పొట్ట మీద ఆగింది.

"అన్నా, మీరు ఒక్కరు చాలు! టికెట్టు కూడా వద్దు!"

"తిన్న వెంటనే ఎక్కకూడదయ్యా!"

"ఆయనకి కొత్తేం కాదులే" అంది సుబ్బరత్నం నలుగురికీ వినపడేలా. "నాంపల్లిలో చేతులొదిలేసి తిరిగినాయన. ఏమండీ, కళ్లజోడు, పర్సు కింద పడతాయి, ఇటియ్యండి."

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే ఆయన్ని తొట్లోకి తోసేశాయి.

మొదటి చుట్టులో ఆయన ఇలవేల్పును తలుచుకున్నాడు. రెండో చుట్టులో ఊళ్లో దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచాడు. మూడో చుట్టుకి తిన్న బజ్జీలన్నీ పలకరించాయి. అంతలో వీలు ఆగింది. డ్రైవర్లు అడుగున, ఆయన ఆకాశంలో. దిగమంటే డ్రైవర్లు ఇంకో ఆట కావాలని తగువు. ఆ తగువు తేలి వాళ్లు దిగేదాకా ధనుంజయరావుని కదిపే వీల్లేదు.

కింద మసకమసగ్గా ఏదో ఎర్రగా కదిలింది. కళ్లజోడు లేకపోయినా గుర్తుపట్టాడు. అది దిండు. ఆ పక్కన సుబ్బరత్నం.

"ఏమండీ!" కేకేసింది. "ఈ కుర్చీ కొంటన్నా! సరేనా?"

వద్దే అనబోయాడు. తొట్టి ఊగేసరికి నోరు గట్టిగా మూసేసుకున్నాడు.

"మాట రాకపోతే పోనీ! వద్దంటే చెయ్యెత్తండి! ఒక్కటి చాలు!"

బజారు వీధంతా తలలెత్తి చూసింది. బజ్జీలవాడు చేతిలో జల్లిగరిటె పట్టుకుని మరీ చూశాడు. ధనుంజయరావు తన చేతుల్ని బతిమాలాడు. అవి కమ్మీకి అతుక్కుపోయాయి. కనీసం చిటికెన వేలైనా లేస్తుందేమోనని చూశాడు. అదీ లేవలేదు.

"ఎత్తలేదుగా? సుభానీ భాయ్, కట్టెయ్యి!"

రిక్షాలో కుర్చీ దర్జాగా కూర్చుని ఇంటికెళ్లింది. ధనుంజయరావు రిక్షా వెనక కమ్మీ పట్టుకుని నడిచాడు.

వసారా దూలానికి కుర్చీ కట్టేశారు. సుబ్బరత్నం అందులో ఊగుతోంది. ఆయనకి ఇల్లే ఊగుతోంది, గడప మీద కూర్చుని ద్వారబంధం వాటేసుకున్నాడు.

"రండి, మీరూ ఒకసారి ఊగండి. అవునూ, నాంపల్లిలో ఎన్ని చుట్లు తిరిగానన్నారు?"

ధనుంజయరావు ద్వారబంధం వదిలి, రెండు చేతులూ ఎత్తి ఆవిడకి దణ్ణం పెట్టాడు.

"ఆ ఎత్తేదేదో ఆడనే ఎత్తుంటే కుర్చీ కొట్లోనే ఉండేదిగా" అంది సుబ్బరత్నం, కాలితో నేలని చిన్నగా తన్ని ఊగుతూ.