నల్ల అంచు పోస్టరు

ఆ పొద్దున లేవగానే గడ్డం తీసేయాలని యావోర్ కాందిలారోవ్ ముందురోజే తీర్మానించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ గడ్డం అది. ఆర్ట్ స్కూల్లో చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చువేయడం నేర్పి రిటైరైన మనిషి. ఇరవై రెండేళ్ళ విరామం తర్వాత అదే స్కూలు గ్యాలరీలో ఈ సాయంత్రం అయిదింటికి ఆయన ప్రదర్శన మొదలవుతుంది. క్రితంసారి ఏడుగురు వచ్చారు. అందులో ఇద్దరు వానకు తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళు. ఈసారైనా హాలు నిండాలి, జనం బొమ్మల ముందు ఆగి చూడాలి, అది తాను కళ్ళారా చూడాలి. ముఖ్యంగా మెతోది రావాలి. మెతోది శిల్పి, ఒకప్పటి ప్రాణస్నేహితుడు. అతను చేసిన మేయరు తలను ఈయన పదిమందిలో "బంగాళాదుంప" అన్న నాటి నుంచి, అంటే పద్నాలుగేళ్ళుగా, ఇద్దరికీ మాటల్లేవు.

పోస్టరు కాందిలారోవే తయారుచేశాడు. గ్యాలరీ చూసుకునే స్నెజానా కాస్త రంగులు వేద్దామంది.

"రంగులు చేతకానివాళ్ళకమ్మా!" అని కొట్టిపారేశాడు.

మధ్యలో తన గడ్డం ఫొటో, కింద పేరు, తేదీ, సమయం, 'స్కూలు గ్యాలరీలో' అన్న ముక్క, చుట్టూ మందంగా నల్ల అంచు. స్కూలు వాచ్‌మన్ పెంచో రాత్రికి రాత్రి వాటిని జాగా దొరికినచోటల్లా అతికించాడు. ఆ ఊళ్ళో జాగా దొరికేది చావు కబురు కాగితాల పక్కనే. గుమ్మాల మీద, కరెంటు స్తంభాల మీద, బస్టాపులో ఎప్పుడూ అవే ఉంటాయి. అవీ అంతే మరి: ఫొటో, పేరు, సమయం, నల్ల అంచు.

గడ్డం తీశాక కాందిలారోవ్ మొహం కింది సగం సున్నం కొట్టినట్టు తేలింది. నల్లకోటు తొడుక్కుని మెట్లు దిగాడు. మలుపులో ఉన్న అద్దం మీద తెల్లదుప్పటి కప్పి ఉంది. ఇంట్లో ఎవరో పోయారన్నమాట. కింద వాటాలో ఉండే త్సోనా మామ్మ గుమ్మంలో కొవ్వొత్తి వెలిగిస్తోంది.

"ఎవరు పోయారు మామ్మా?"

ఆవిడ తలెత్తి చూసింది. చేతిలో అగ్గిపుల్ల వేలి దాకా కాలింది.

"అయ్యో, తనకే తెలీదు పాపం!" అంటూ శిలువ వేసుకుంది. "అప్పుడే గడ్డం కూడా గీసేశారే నీకు!"

"నేనే గీసుకున్నాను."

"సరేలే నాయనా, నువ్వే గీసుకున్నావు. ఇంక వెళ్ళు, వెనక్కి మాత్రం చూడకు. నీ పిల్లికి పాలు నేను పోస్తాలే."

ముసలిదానికి మతి చలించిందనుకుని బయటపడ్డాడు. వీధంతా నదిమీద నుంచి లేచిన మంచు. ఎదురొచ్చిన పోస్ట్‌మన్ నమస్కారం అందుకోకుండా గోడకు అతుక్కుపోయాడు. బేకరీ రాడ్కా జున్ను రొట్టె ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు తగలకుండా చెయ్యి లాక్కుంది. "ఇది తిని శాంతించండి మాస్టారూ," అని గొణిగింది. బస్టాపులో మంచు కాస్త విడింది. గోడ మీద ఇద్దరు చచ్చినవాళ్ళ మధ్య నుంచి తన మొహమే తనను చూస్తోంది.

కాందిలారోవ్ గబగబా మణికట్టు పట్టుకున్నాడు. నాడి చూసుకున్నాడు. దొరకలేదు. మళ్ళీ చూసుకున్నాడు, దొరకలేదు. చేతికి తొడుగు ఉందని గుర్తొచ్చేసరికి ఒళ్ళంతా చెమట పట్టింది.

గ్యాలరీకి పరిగెత్తేసరికి స్నెజానా చెవి దగ్గర ఫోను, ఆవిడ చుట్టూ పూలదండలు.

"మాస్టారూ, పొద్దుట్నుంచీ ఫోన్లే! నూట ఎనభైమంది వస్తున్నారు. ప్రిన్సిపాల్ గారు బ్యాండుకి కూడా చెప్పారు."

"వాళ్ళు నా చావుకొస్తున్నారమ్మా!"

"అది నాకూ తర్వాతే తెలిసింది," అంది నేలచూపులు చూస్తూ. "మీరే చెప్పేయండి. నాకు భయంగా ఉంది."

అయిదింటికి జనం నల్లబట్టల్లో, నిశ్శబ్దంగా, వరసగా వచ్చారు. బొమ్మల కాగితం పాడవుతుందని దీపాలు తగ్గించమన్నది కాందిలారోవే. ఆ మసకలో ఎవరి మొహమూ తెలియడంలేదు. అందరి చేతుల్లోనూ పూలు, నాలుగో, ఆరో. అక్కడ బేసి పూలు బతికున్నవాళ్ళకి, సరి పూలు పోయినవాళ్ళకి. చిన్నపిల్లలు కూడా పొరబడరు.

ప్రిన్సిపాల్ మౌనం పాటించమన్నాడు. కాందిలారోవ్ కుర్చీ ఎక్కాడు.

"నేను చావలేదు! ఇదిగో, బతికే ఉన్నాను!"

హాలంతా చప్పట్లు మోగాయి.

"పెర్ఫార్మెన్స్ అన్నమాట," అందొకావిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఆర్ట్ స్కూలు కదా, ఇలాంటివి పెడతారు."

"గొంతు కుదర్లేదు," అన్నాడు ఆయన దగ్గర అయిదేళ్ళు చదువుకున్నవాడు. "మాస్టారు ఇంకాస్త పొడుగు."

కాందిలారోవ్ కుర్చీ దిగాడు. ఇంతమంది కలిసి అంటుంటే తానే పొరబడ్డాడేమో! జనం ఆయన్ను దాటుకుని గోడల దగ్గరికి వెళ్ళారు. ఒక్కో బొమ్మ ముందూ ఆగారు. వాళ్ళ ఊపిరికి అద్దాలు మసకబారుతున్నాయి. బతుకంతా ఎదురుచూసిన దృశ్యం ఆయన కళ్ళముందే నడుస్తోంది, ఆయన ప్రమేయం లేకుండా.

మూలనున్న బొమ్మ దగ్గర ఒక ముసలాయన ముక్కు ఆనించి చూస్తున్నాడు. కళ్ళలో పొరలు, చేతిలో ఎనిమిది తెల్లపూలు. మెతోది!

"వాడి వేషం కట్టింది నువ్వేనా?" అన్నాడు తల తిప్పకుండా. "ఈ గీత చూశావా? ఇలా చెక్కగలిగినవాడు మా ఊళ్ళో ఇంకోడు లేడు. ఆ మాట వాడుండగా చెప్పలేకపోయాను. పొగరు."

కాందిలారోవ్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. దగ్గి ఆపుకున్నాడు.

"ఆ మేయరు తలని బంగాళాదుంప అనడం ఆయన తప్పే."

"వాడు తప్పు ఒప్పుకోవడమా? ఈ జన్మలో ఒప్పుకోడు."

"తొక్కు తీయని బంగాళాదుంప అనాల్సింది."

మెతోది నెమ్మదిగా తిరిగాడు. చెయ్యి చాచి ఆ తెల్లటి చెంప తడిమాడు. వెచ్చగా ఉంది. తర్వాత ఎనిమిదిలోంచి ఒక పువ్వు లాగి జేబులో పెట్టుకుని, మిగిలిన ఏడూ స్నేహితుడి చేతిలో పెట్టాడు.

"గడ్డం లేకపోతే నీదీ బంగాళాదుంపేరా."

"ఒరేయ్, నువ్వు చెబితే నమ్ముతారు. నేను బతికున్నానని అందరికీ చెప్పరా!"

మెతోది హాలంతా కలయజూశాడు. నూట ఎనభైమంది చప్పుడు చేయకుండా బొమ్మలు చూస్తున్నారు.

"నోరు మూసుకో. తెలిస్తే వెళ్ళిపోతారు."

హాలు ఎనిమిదింటికి మూశారు. అందాకా కాందిలారోవ్ బుద్ధిగా చచ్చిపోయే ఉన్నాడు.